ఉపదేశికి అప్పగించిన సువార్త

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల సంఘాల్లో ఒక పని విభజన స్థిరపడిపోయింది. ఆరాధనకు రావడం, కానుక వేయడం, ఇంట్లో కుటుంబ ప్రార్థన పెట్టించుకోవడం విశ్వాసి వంతు. క్రీస్తును ఎరుగని మనిషికి ఆయన గురించి చెప్పడం పాస్టర్‌గారి వంతు. ఉజ్జీవ కూటాలకు బయటి ప్రసంగీకుడు వస్తే ఆ మూడు రాత్రులు ఆయన వంతు. ఎవరూ తీర్మానం చేసి పెట్టిన విభజన కాదిది. అయినా సంఘంలో పుట్టి పెరిగినవారికి ఇది సహజంగానే తోస్తుంది. "మనం చెబితే ఎవరు వింటారు, అందుకు వాక్యం చదువుకున్నవారు ఉన్నారు కదా" అన్న మాట వినయంలాగే వినిపిస్తుంది. కానీ ఈ ప్రాంతానికి సువార్త వచ్చిన దారి వేరు.

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు చిత్తూరు ఉత్తర ఆర్కాడు జిల్లాలో ఉండేది. అమెరికాలోని రిఫార్మ్డ్ చర్చి తరఫున స్కడర్ సోదరులు 1853లో ఆరంభించిన ఆర్కాడు మిషన్‌కు చిత్తూరు తొలి కేంద్రాల్లో ఒకటి. తూర్పు వైపున, జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ మిషన్ పంపిన ఆగస్ట్ మిలియస్ 1865లో పని మొదలుపెట్టాడు. ఆ పని క్రమంగా నాయుడుపేట, గూడూరు, శ్రీకాళహస్తి, రేణిగుంట, తిరుపతి దాకా పాకింది. ఉత్తరాలు రాసినవారు, విదేశాలకు నివేదికలు పంపినవారు వీళ్లే కాబట్టి చరిత్రలో వీళ్ల పేర్లు నిలిచాయి, అది న్యాయమే. అయితే ఎడ్లబండి మీద తిరుగుతూ, డేరా వేసుకుని, కొత్తగా నేర్చిన తెలుగులో మాట్లాడే ఒక మిషనరీ ఏడాదికి ఎన్ని పల్లెలకు వెళ్లగలడు? వెళ్లినచోట ఎన్నాళ్లు ఉండగలడు? ఆయన డేరా ఎత్తేశాక ఆ పల్లెలో మిగిలేది ఉపదేశి (వాక్యం చెప్పే స్థానిక బోధకుడు), బడి పంతులు, ఇల్లిల్లూ తిరిగే బైబిలు స్త్రీ. వాళ్లకంటే ముందే తన వియ్యంకుడికో మేనమామకో ఈ సంగతి చెప్పిన కూలీ ఒకడు ఉండేవాడు. అతని పేరు ఏ నివేదికలోనూ ఉండదు.

పేరు మిగిలిన అరుదైన ఉదాహరణ యర్రగుంట్ల పేరయ్య. నెల్లూరుకు ఉత్తరాన తాళ్లకొండపాడుకు చెందిన తోళ్ల వ్యాపారి, మాదిగ కులస్థుడు. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు సువార్త విన్నాడు. 1866లో లైమన్ జ్యూయెట్ అనే బాప్టిస్టు మిషనరీ చేత బాప్తిస్మం పొందాడు. ఆ తరువాత అతను ఎవరి అనుమతి కోసమూ ఆగలేదు. తోళ్లు కొనడానికి ఏ ఊళ్లకు వెళ్లేవాడో ఆ ఊళ్లలోనే, ఏ బంధువుల ఇళ్లలో దిగేవాడో వాళ్లకే చెప్పాడు. మరో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టి తాళ్లకొండపాడుకు వెళ్లేసరికి అక్కడ వినడానికి సిద్ధపడిన మనుషులు కనిపించారు. ఒంగోలు ఉజ్జీవం అనగానే 1878 జులైలో ఒకే రోజు 2,222 మంది పొందిన బాప్తిస్మం గుర్తుకొస్తుంది, క్లౌ పేరు గుర్తుకొస్తుంది. ఆ రోజుకు పన్నెండేళ్ల ముందే ఆ దారి తొక్కిన తోళ్ల వ్యాపారి చాలామందికి గుర్తు రాడు. మిషనరీకి భాష ఉంది, చదువు ఉంది, వెనుక ఒక సంస్థ ఉంది. పేరయ్యకు ఉన్నది బంధువర్గం, వ్యాపారం. సువార్త ఊరి నుంచి ఊరికి నడిచింది ఆ రెండింటి మీదనే.

మరి ఇంతమంది సామాన్యులు మోసిన పని, తరువాతి తరాల్లో జీతం తీసుకునేవారి పని ఎలా అయింది? కారణం దురుద్దేశం కాదు, ఏర్పాటు. పల్లెల్లో కొత్త సంఘాలు పుట్టుకొస్తుంటే వాళ్లకు చదువు చెప్పాలి, ప్రార్థన నడిపించాలి. మిషన్ వారు స్థానికులను ఎంచి, కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, నెలజీతం మీద ఉపదేశులుగా, పంతుళ్లుగా పెట్టారు. ఆ జీతం అమెరికా నుంచో జర్మనీ నుంచో వచ్చేది. చేసినవాళ్లు గొప్పగా చేశారు, అందులో సందేహం లేదు. కానీ చూసేవాళ్ల మనసులో ఒక భావన పడింది: ఇది ఉద్యోగం, దీనికి ఒక మనిషిని నియమిస్తారు, ఆ మనిషికి పైనుంచి జీతం వస్తుంది. నిన్నటిదాకా తోటి కూలీకి తనే చెప్పుకున్న మనిషి, ఉపదేశి వచ్చాక "అయ్యగారిని పిలుస్తాను, ఆయన చెబుతారు" అనడం మొదలుపెట్టాడు. దేశాలు దాటి వచ్చిన డబ్బు ఆగిపోయినా, ఆ మాట మాత్రం ఆగలేదు.

ఈ ఏర్పాటు ఎంత బలహీనమో మొదటి ప్రపంచ యుద్ధం చూపించింది. బ్రిటిష్ ప్రభుత్వానికి జర్మన్లు శత్రుదేశస్థులయ్యారు. హెర్మన్స్‌బర్గ్ మిషనరీలను నిర్బంధించి, ఆ తరువాత దేశం దాటించారు. నాయుడుపేట నుంచి తిరుపతి దాకా ఉన్న సంఘాలకు దిక్కు ఒక్కసారిగా మారిపోయింది. తరువాత అమెరికాలోని ఒహాయో లూథరన్ సినడ్ ఆ బాధ్యత తీసుకుంది. నేటి దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం ఆ వారసత్వంలోనిదే, దాని కేంద్రం తిరుపతిలోనే ఉంది. పంపినవారు మారారు, డబ్బు వచ్చే దేశం మారింది, మిషన్ పేరు మారింది. మారకుండా ఉన్నది పల్లెల్లో ఉన్న విశ్వాసులే. సంఘం ఎవరి మీద నిలబడి ఉందో తెలియడానికి ఇంతకంటే స్పష్టమైన రుజువు అక్కరలేదు.

లేఖనం చెప్పేదీ ఇదే. అపొస్తలుల కార్యాలు 8వ అధ్యాయంలో యెరూషలేము సంఘానికి హింస వస్తుంది. అపొస్తలులు తప్ప అందరూ చెదరిపోయారని లూకా ప్రత్యేకంగా రాస్తాడు. ఆ వెంటనే: "కాబట్టి చెదరిపోయినవారు సువార్త వాక్యమును ప్రకటించుచు సంచారముచేసిరి." అంటే ప్రకటించినవారు అపొస్తలులు కారు. అపొస్తలులు పట్టణంలోనే ఉన్నారు. ఇళ్లు వదిలి పారిపోతున్న మామూలు కుటుంబాలు వెళ్లినచోటల్లా మాట్లాడాయి. 11వ అధ్యాయానికి వస్తే, వాళ్లలో కుప్ర, కురేనే వారు కొందరు అంతియొకయకు చేరి మొదటిసారి గ్రీకులతో మాట్లాడారు. పౌలును మూడు ప్రయాణాలకు పంపిన సంఘం అక్కడే పుట్టింది, శిష్యులను మొట్టమొదట క్రైస్తవులన్నదీ అక్కడే. దాన్ని స్థాపించినవారి పేర్లు లూకా కూడా ఇవ్వలేదు. ఎఫెసీ పత్రిక 4వ అధ్యాయం కాపరులను, సువార్తికులను దేవుడు ఎందుకిచ్చాడో చెబుతుంది: పరిశుద్ధులను పరిచర్యకు సిద్ధం చేయడానికి. పాస్టర్‌గారు విశ్వాసుల తరఫున పని చేసిపెట్టడానికి కాదు, విశ్వాసులు పని చేసేలా తయారు చేయడానికి ఉన్నారు. తెలుగు సంఘాల్లో ఈ వచనం మీద ప్రసంగాలు తక్కువేమీ కాదు. దాని ప్రకారం నడిచే సంఘాలే తక్కువ.

నడిపించి చూపినవాడు ఒకాయన ఉన్నాడు. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు, తెలుగు నేర్చుకుని తెలుగు పల్లెల్లో జీవితం గడిపాడు. ఆయన బాప్తిస్మం ఇచ్చేటప్పుడు కొత్త విశ్వాసి తన తల మీద తానే చేయి పెట్టుకుని "నేను సువార్తను ప్రకటింపక పోయినయెడల నాకు శ్రమ" అని పలకాల్సి ఉండేది. పౌలు కొరింథీయులకు రాసిన మాట అది. పలికినవారిలో ఎక్కువమంది అక్షరం రాని మాల, మాదిగ కూలీలు. వేదాంత కళాశాల, ఆర్డినేషన్, జీతం ఏవీ లేవు. బాప్తిస్మం పొందిన రోజే బాధ్యత మొదలైంది. దోర్నకల్ ప్రాంతంలో సంఘం పెరిగిన తీరుకు ఈ ఒక్క అలవాటే కారణమనడం అతిశయోక్తి అవుతుంది, కానీ దీన్ని వదిలేసి ఆ పెరుగుదలను అర్థం చేసుకోలేం.

"నాకు వాక్యం చెప్పడం రాదు" అన్న అభ్యంతరం నిజాయతీగానే వస్తుంది. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పరిసయ్యులు పుట్టు గుడ్డివాణ్ణి వేదాంత ప్రశ్నలతో నిలదీస్తే, అతను జవాబు తెలిసినట్టు నటించలేదు. "ఒకటి మాత్రము నేనెరుగుదును, నేను గ్రుడ్డివాడనైయుండి ఇప్పుడు చూచుచున్నాను" అన్నాడు. సాక్ష్యం వేరు, ప్రసంగం వేరు. ప్రసంగానికి తర్ఫీదు కావాలి, సాక్ష్యానికి జరిగింది చెప్పడం చాలు. తాగుడు మానిన మనిషి మానడం ఎలా జరిగిందో చెప్పలేడా? కొడుకు పోయిన తల్లి ఆ దుఃఖంలో తనను నిలబెట్టిందెవరో చెప్పలేదా? పక్కింటామెకు ఈ మాటలు మైకులో చెప్పనక్కరలేదు.

ఇక్కడ అసలు విషయానికి రావాలి. పాస్టర్‌గారు ఎంత కష్టపడినా చేరలేని చోట్లు ఉన్నాయి, అవన్నీ విశ్వాసులు రోజూ ఉండే చోట్లే. శ్రీసిటీ కర్మాగారాల్లో ఒడిశా, బిహార్ యువకులు తెలుగువారి పక్కనే ఒకే షిఫ్టులో పనిచేస్తారు. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో సీజనులో ఆడవాళ్లు గంటల తరబడి పక్కపక్కన నిలబడి కాయలు కోస్తారు. కుప్పం సంతలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపిస్తాయి. అక్కడ మూడూ వచ్చిన కూరగాయల వ్యాపారి, ఏళ్లపాటు భాష నేర్చుకోవాల్సిన మిషనరీ కంటే ముందున్నాడు. తిరుపతిలోని రుయా ప్రభుత్వ ఆసుపత్రి వరండాల్లో రాయలసీమ నలుమూలల నుంచి వచ్చిన రోగుల బంధువులు చాప వేసుకుని రోజుల తరబడి పడుంటారు. వాళ్లకు ఏ కౌంటరులో ఏ చీటీ రాయించాలో చెప్పి, ఓ పూట అన్నం తెచ్చిపెట్టే ఇరుగుపొరుగు విశ్వాసి ఏ కూటమూ పెట్టలేని సంబంధాన్ని కలుపుకుంటుంది. ఆ అన్నం వెనుక మతం మార్చే షరతు ఉండకూడదు, ఉంటే అది క్రీస్తు పేరున చేసిన పని కాదు. షరతు లేని ప్రేమ చూసి "నువ్వెందుకు ఇలా చేస్తున్నావు" అని వాళ్లే అడిగితే జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండాలన్నది పేతురు మాట. ఆ జవాబు "సాత్వికముతోను భయముతోను" చెప్పాలని కూడా ఆయనే అన్నాడు. ఈ రెండో సగాన్ని సువార్త ప్రకటించేవాళ్లు తరచుగా మరచిపోతారు.

ఇంకా దూరం వెళ్లినవారూ ఉన్నారు. కడప, రాయచోటి, పీలేరు వైపుల నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్లిన స్త్రీలలో విశ్వాసులు గణనీయంగా ఉన్నారు. వాళ్లను ఎవరూ మిషనరీలని పిలవరు. రెండో రాజుల గ్రంథం 5వ అధ్యాయంలో సిరియా సేనాధిపతి నయమాను ఇంట్లో ఇలాంటి పనిపిల్లే ఉంది. చెరపట్టి తెచ్చిన ఇశ్రాయేలు చిన్నది, పేరు కూడా తెలియదు. యజమాని కుష్ఠు చూసి జాలిపడి, షోమ్రోనులోని ప్రవక్త దగ్గరకు వెళితే బాగుండునని యజమానురాలితో అంటుంది. ఆ ఒక్క వాక్యంతో కథంతా కదిలింది. తనను బానిసగా తెచ్చిన ఇంటి మేలు కోరిన ఆ పిల్ల మనసు మిషన్ పనికి అసలైన అర్హత. గల్ఫ్ దేశాల చట్టాలు కఠినం, అక్కడ మాట కంటే నడవడే ఎక్కువ మాట్లాడాలి. ఆ స్త్రీల కోసం సంఘంలో పేరుపేరునా ప్రార్థన జరగడం, నెలకోసారి ఫోను చేసి ధైర్యం చెప్పడం కూడా ఇక్కడున్నవారు మిషన్‌లో పాలుపంచుకోవడమే. వాళ్లు పంపే డబ్బుతో చర్చికి గచ్చు వేయించుకోవడం దగ్గరే మన సంబంధం ఆగిపోతే అది సిగ్గుపడాల్సిన విషయం.

తిరుపతిలో ఈ పనికి ఒక ప్రత్యేకమైన మర్యాద కావాలి. కోట్లమంది భక్తితో నడిచి వచ్చే ఊరిది. తిరుమలలో ఇతర మతాల ప్రచారాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2007లో చట్టపరంగా నిషేధించింది. విశ్వాసి దాన్ని మనస్ఫూర్తిగా పాటించాలి, దొడ్డిదారులు వెతకకూడదు. రాజ్యాంగంలోని 25వ అధికరణం మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే స్వేచ్ఛను ప్రతి వ్యక్తికీ ఇచ్చింది, శాంతిభద్రతలకు, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి. ప్రచార స్వేచ్ఛ అంటే ఎదుటి మనిషిని మతం మార్చే హక్కు కాదని సుప్రీంకోర్టు 1977లో స్టానిస్లాస్ కేసులో తేల్చింది. క్రైస్తవుడికి ఈ తీర్పుతో పేచీ ఉండనక్కరలేదు. మనసు మార్చడం పరిశుద్ధాత్మ పని అని నమ్మేవాడు మనిషిని మార్చే హక్కు తనదని ఎలా అనగలడు? డబ్బు ఆశ చూపడం, జబ్బు నయమవుతుందని గ్యారంటీ ఇవ్వడం, తీర్థయాత్రికుడి చేతిలో కరపత్రం కుక్కడం, పొరుగువారి దేవుళ్లను తూలనాడడం సువార్తకు చేసే ద్రోహం. ఇలాంటివి చేసేవాళ్లు తక్కువమందే అయినా చెడ్డపేరు అందరికీ వస్తుంది. 1876-78 కరవులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ సాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు, అన్నం కోసం ఎవరూ చర్చికి రాకూడదని. ఆ నిగ్రహం ఇవాళ అందరికంటే మనకే ఎక్కువ అవసరం.

బయటికి వెళ్లాలనుకునే సంఘం ముందుగా తన ఊళ్లో చూడాల్సిన దూరం ఒకటుంది, అది కులం. ఈ జిల్లాల్లో చర్చి చాలాచోట్ల ఏదో ఒక కాలనీలో ఉంటుంది, ఆ కాలనీ దాటదు. మాలల చర్చి, మాదిగల చర్చి అని ఊరంతా పిలుస్తుంది, లోపలివాళ్లూ కాదనరు. సూళ్లూరుపేట, సత్యవేడు వైపు చెరువుగట్ల మీద, పొలాల అంచున యానాదుల గుడిసెలు ఉంటాయి. వాళ్ల పిల్లలకు చదువు సగంలో ఆగిపోతుంది, ఆధార్ కార్డు కోసం, రేషన్ కార్డు కోసం తిరుగుతూనే ఉంటారు. పక్క వీధి విశ్వాసి వాళ్లింట్లో నీళ్లు తాగడు. దూరదేశాల మిషనరీల జీవితచరిత్రలు విని కన్నీళ్లు పెట్టుకునే సంఘం, ఆ గుడిసెల దాకా నడవకపోవడానికి ఏ వేదాంత కారణమూ చెప్పలేదు. అక్కడికి వెళ్లడానికి వీసా అక్కరలేదు. వెళ్లి, కూర్చుని, వాళ్లు పెట్టింది తినాలి. ఆ తరువాతే మాట.

మిగిలింది పంపడం. వెళ్లలేనివారు పంపుతారు, ఇది రెండో రకం పని ఏమీ కాదు. ఫిలిప్పీ సంఘం పంపకపోతే పౌలుకు థెస్సలొనీకలో గడవడం కష్టమయ్యేది. చిత్తూరు నుంచి గంట ప్రయాణంలో ఉన్న వేలూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రిని ఐడా స్కడర్ 1900లో ఒకే మంచంతో మొదలుపెట్టింది. ఆమె పేరు అందరికీ తెలుసు. ఆ ఆసుపత్రికి డబ్బు కూడబెట్టిన అమెరికా చర్చిల్లోని గృహిణుల పేర్లు ఎవరికీ తెలియవు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ రోగులకు శానిటోరియం కట్టడానికి ఎన్నో మిషన్లు చేతులు కలిపాయి, ఆ మిషన్ల వెనుక లక్షల చిన్న కానుకలు ఉన్నాయి. వందేళ్లపాటు ఈ ప్రాంతం ఆ కానుకలు అందుకుంది. ఇప్పుడు విదేశీ మిషనరీలకు వీసాలు దాదాపు లేవు. విదేశీ విరాళాల మీద 2010 చట్టం, 2020 సవరణ గట్టి పట్టు బిగించాయి. విదేశం నుంచి అందుకున్న డబ్బును ఒక సంస్థ మరో సంస్థకు బదిలీ చేయడం కూడా కుదరదు. దీన్ని హింసగా చూసేవారున్నారు. సంఘం ఎప్పుడో మోయాల్సిన బరువు ఇప్పుడు దాని భుజాల మీదికి వచ్చిందని చూడడం ఎక్కువ నిజం.

బరువు మోయడానికి ధనవంతులు అక్కరలేదని మిజోరం సంఘాలు చూపించాయి. అక్కడ ఇల్లాలు అన్నం వండే ప్రతిసారీ ఒక గుప్పెడు బియ్యం పక్కన పెడుతుంది. 1910 నుంచి ఈ పద్ధతి సాగుతోంది, ఆ బియ్యం అమ్మిన డబ్బుతో మిజో మిషనరీలు దేశమంతటా పనిచేస్తున్నారు. లెక్క ఇక్కడికి అన్వయిస్తే: గుప్పెడు అంటే సుమారు 50 గ్రాములు, రెండు పూటలకు 100, నెలకు 3 కిలోలు. 40 కుటుంబాల సంఘంలో నెలకు 120 కిలోలు. కిలో 50 రూపాయలనుకుంటే 6,000. అలాంటి మూడు పల్లె సంఘాలు కలిస్తే ఒక కుటుంబాన్ని ఒడిశా కొండల్లోకో ఛత్తీస్‌గఢ్‌కో పంపి నిలబెట్టవచ్చు. తమిళనాడులో పుట్టిన ఫ్రెండ్స్ మిషనరీ ప్రేయర్ బ్యాండ్ ఇలాంటి చిన్న ప్రార్థన గుంపుల మీదనే నడుస్తోంది: పదిమంది కూడి ప్రార్థిస్తారు, ఆ పదిమందే ఇస్తారు.

పంపడంలో మన సంఘాలు తడబడేది డబ్బు దగ్గర కంటే లెక్క దగ్గర. ఉత్సాహంలో ఒకరిని పంపి, ఆరు నెలల తరువాత మరచిపోవడం జరుగుతుంది. ఆ మనిషి పిల్లల ఫీజు ఎవరు కడతారు, జ్వరం వస్తే ఏ ఆసుపత్రి, అరవై ఏళ్లు నిండాక ఎక్కడ ఉంటాడు అన్న ప్రశ్నలు పంపేముందే తేల్చుకోవాలి. వసూలైన ప్రతి రూపాయి ఒక బ్యాంకు ఖాతాలో, ఇద్దరి సంతకాలతో ఉండాలి, ఆ ఇద్దరిలో ఒకరు స్త్రీ అయితే మంచిది, బియ్యం పోగుచేసేది వాళ్లే కాబట్టి. మూడు నెలలకోసారి లెక్క ఆరాధనలో చదవాలి, పంపిన మనిషి రాసిన ఉత్తరమూ చదవాలి, అందులో పని సాగలేదని ఉన్నా సరే. ఏడాదికోసారి ఇద్దరు ముగ్గురు విశ్వాసులు సొంత ఖర్చుతో అక్కడికి వెళ్లి, నాలుగు రోజులు ఆ ఇంట్లోనే ఉండి, ఆ కుటుంబం తినేదే తిని రావాలి. చూసింది చూసినట్టు సంఘం ముందు వాళ్లే చెప్పాలి.